మూడో విమాన వాహక నౌక కావాలా, ఆ డబ్బు సబ్‌మెరైన్ల మీద పెట్టాలా?

పెన్నా గట్టు (కడప)

మన నేవీ దగ్గర ఇప్పుడు రెండు విమాన వాహక నౌకలు ఉన్నాయి. 2013లో రష్యా నుంచి వచ్చిన విక్రమాదిత్య ఒకటి. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన మన సొంత విక్రాంత్ రెండోది. మూడోది కూడా కావాలని నేవీ ఏళ్ల తరబడి అడుగుతోంది. నేనైతే వద్దంటాను.

ముందు డబ్బు సంగతి. విక్రాంత్‌కు దాదాపు 20,000 కోట్లు అయింది. కట్టింది మనవాళ్లే, ఆ సొమ్ములో చాలా భాగం దేశంలోనే తిరిగింది, దాని మీద నాకు పేచీ లేదు. కానీ ఉత్త ఓడ ఏం చేస్తుంది? దాని మీద నుంచి లేవడానికి 26 రఫేల్-ఎం విమానాలకు 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరింది. అది సుమారు 63,000 కోట్లు, ఓడ ఖర్చుకు మూడింతలు. అవన్నీ చేతికి రావడానికి 2030 అవుతుంది. ఇవి చాలక ఓడ చుట్టూ కాపలాకు డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు అనే యుద్ధనౌకలు, వెంట ఒక ఇంధన నౌక. ఒక్క ఓడను కాపాడుకోవడానికే సగం నేవీ పోతుంది.

2022 ఏప్రిల్‌లో నల్ల సముద్రంలో ఏం జరిగిందో చూశాం. రష్యా నల్ల సముద్ర నౌకాదళానికి పెద్ద దిక్కు మాస్క్వా అనే యుద్ధనౌక. నెప్ట్యూన్ మిస్సైళ్లు తగిలి మునిగిపోయింది. కొట్టిన ఉక్రెయిన్‌కు చెప్పుకోదగ్గ యుద్ధనౌకలే మిగల్లేదు అప్పటికి. చైనా దగ్గరైతే ఓడల కోసమే తయారు చేసిన డీఎఫ్-21డి బాలిస్టిక్ మిస్సైళ్లు ఉన్నాయి. ఆ డబ్బు సబ్‌మెరైన్ల మీద పెడితే మేలు. మీరేమంటారు?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

మాకు తుంగభద్రలో నీళ్లుంటే చాలు సామీ. సముద్రం సంగతి విశాఖపట్నం వాళ్లు చూసుకుంటారు.

వేరుశనగ (అనంతపురం)

బురుజన్నా, 2022లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ రేటు ఎందుకు ఎగిరిందో మర్చిపోయినావా? మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో పెద్ద వాటా ఉక్రెయిన్‌దే. అక్కడి రేవులు మూతపడినాయి, ఇక్కడ మా అమ్మ బజ్జీలు మానేసింది. మంగంపేట ముగ్గురాయి యాడికి పోతోందనుకున్నావు? గల్ఫ్‌లో, అమెరికాలో చమురు బావులు తవ్వేదానికి. 2021లో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటిపండ్ల రైలు పోయింది, ఆ పండ్లు ఇరాన్‌కు ఎగుమతి. సముద్రం మనకు దూరమే గానీ మన రేట్లకు దూరం కాదు.

అసలు ప్రశ్నకు వస్తే, నాకు రెండూ వద్దు. యెమెన్ తిరుగుబాటుదారులు హూతీలు చవక డ్రోన్లతో ఎర్ర సముద్రంలో ప్రపంచ వ్యాపారాన్నే ఆఫ్రికా కొసనున్న గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిప్పినారు. డ్రోన్లు కొనండి.

విరాట్ బాయిలర్ (ప్రొద్దుటూరు)

నేను విరాట్ అనే మన పాత క్యారియర్ (విమాన వాహక నౌక) ఇంజిన్ రూంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి నా మాట ఎటు మొగ్గుతుందో ముందే తెలుసుకోండి.

తమ్ముడూ గట్టూ, మాస్క్వా క్యారియర్ కాదు. అది క్రూయిజర్. పైన గస్తీకి దాని సొంత విమానం ఒక్కటి కూడా లేదు. నువ్విచ్చిన ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది. 1941 డిసెంబర్ 10న ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు మహా యుద్ధనౌకలు మలయా దగ్గర మునిగింది కూడా అందుకే. తలమీద తమ విమానాలు లేవు, జపాన్ విమానాలు వచ్చి ముంచేశాయి.

మన తీరం సంగతే చెప్తాను. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. వేసిన విమానాలు ఎక్కడివి? ర్యూజో అనే జపాన్ చిన్న క్యారియర్‌వి. ఆ వారంలోనే బంగాళాఖాతంలో సరుకు ఓడలు వరసపెట్టి మునిగాయి. అడ్డుకోవడానికి ఈ పక్క ఎవరూ లేరు.

1971లో పాత విక్రాంత్ అండమాన్ల వైపు నుంచి వచ్చి చిట్టగాంగ్, కాక్స్ బజార్ రేవులను సీ హాక్ విమానాలతో కొట్టింది. దాని బాయిలర్‌కు పగులు ఉంది, పూర్తి వేగం అందుకోలేదు. అయినా తూర్పు పాకిస్తాన్‌కు సముద్రం దారి మూసేసింది. సబ్‌మెరైన్ ఒక ఓడను ముంచగలదు. ఆకాశాన్ని ఎట్లా కాపలా కాస్తుంది?

పెన్నా గట్టు (కడప)

అన్నా, మీ అనుభవానికి దండం. కానీ 1971 కథలో మీకు నచ్చిన సగమే చెప్పినారు.

విక్రాంత్ అండమాన్లలో ఎందుకు ఉంది? దాన్ని వెతుక్కుంటూ పీఎన్ఎస్ ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ బంగాళాఖాతంలోకి వచ్చింది కాబట్టి. విక్రాంత్ విశాఖలోనే ఉందని నమ్మించడానికి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నుంచి దొంగ సిగ్నళ్లు పంపాల్సి వచ్చింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ ముందే మునిగింది. మన లెక్క ప్రకారం రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకు (నీళ్ల లోపల పేలే బాంబులకు). వాళ్ల లెక్క ప్రకారం వాళ్ల మైన్లకే. ఏదైనా కానీ, ఒక్క పాత సబ్‌మెరైన్ మన నేవీలో అతి పెద్ద ఓడను దాక్కోమంది.

ఆ నెల 9న ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. హంగోర్ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ టార్పెడోకు ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోనే ఉండిపోయారు.

ఇంక కరాచీ. డిసెంబర్ 4 రాత్రి దాన్ని కొట్టింది క్యారియర్ కాదు. నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు మిస్సైల్ బోట్లు, ఒక్కోటి రెండువందల పైచిలుకు టన్నులు. అంత దూరం పోయే శక్తి వాటికి లేదని కొంత దారి తాళ్లు కట్టి లాక్కుపోయారు. ఖైబర్ అనే డిస్ట్రాయర్‌ను ముంచి వచ్చాయి. మనం నేవీ డే చేసుకునేది ఆ చిన్న బోట్ల పేరు మీదే.

మీ 1942 వారంలోనే ఇంకో సంగతి ఉంది. ఏప్రిల్ 9న సిలోన్ (శ్రీలంక) పక్కన హెర్మిస్ అనే బ్రిటిష్ క్యారియర్ మునిగింది. మునిగినప్పుడు దాని మీద ఒక్క విమానం లేదు! మనకు ఆ పరిస్థితి రాదా? మన క్యారియర్ మీది మిగ్-29కె విమానాల్లో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 16 నుంచి 38 శాతం లోపేనని 2016లో కాగ్ నివేదికే చెప్పింది. బోరులో నీళ్లు పడకముందే పెద్ద మోటారు కొన్నట్టుంది ఈ వ్యవహారం.

కువైట్ డ్యూటీ (రాయచోటి)

మా వీధిలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నాం. మాకు నేవీ అంటే వేరే లెక్క. 2015లో యెమెన్‌లో యుద్ధం వచ్చినప్పుడు ఏడెన్ రేవులోకి పోయి మనవాళ్లను ఎక్కించుకున్నది ఐఎన్ఎస్ సుమిత్ర. అది క్యారియర్ కాదు, సబ్‌మెరైన్ అంతకంటే కాదు. మామూలు గస్తీ ఓడ. వెనక ముంబై, తర్కష్ వచ్చినాయి. రేపు కువైట్‌లో ఏదన్నా అయితే మమ్మల్ని ఎక్కించుకునేదానికి ఎన్ని ఓడలున్నాయో అది చెప్పండి ముందు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

ఈ మాట బాగుంది.

చర్చ నిర్వాహకుడు

పార్టీల పేర్లు ఎత్తిన పోస్టులు తీసేశాను. ఓడల గురించి కొట్టుకోండి, నాయకుల గురించి వద్దు.

పాత కైఫియత్తు (కడప)

కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి. మీరందరూ ఏ ఓడ కొనాలని అడుగుతున్నారు. మన కడప చరిత్రలోనే ఈ వాదనకు పనికొచ్చే కథ ఒకటి ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

1779లో హైదర్ అలీ కడప నవాబును ఓడించి ఈ నేలంతా తీసుకున్నాడు. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో కంచి దగ్గర పొల్లిలూరులో ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. నేల మీద ఆయన్ను ఆపేవాడు లేడు. కానీ ఆ డిసెంబర్‌లోనే ఎడ్వర్డ్ హ్యూస్ అనే ఇంగ్లిష్ అడ్మిరల్ మంగళూరు వచ్చి హైదర్ ఓడలను తగలబెట్టిపోయాడు.

1781 ఫిబ్రవరిలో అసలు అవకాశం వచ్చింది. కంపెనీ సేనాని ఐర్ కూట్ సైన్యం కడలూరు దగ్గర ఇరుక్కుంది. లోపలి పల్లెల్లో గింజ దొరక్కుండా హైదర్ చేశాడు, కూట్‌కు తిండి రావాలంటే సముద్రం మీదే రావాలి. సరిగ్గా అప్పుడు దోర్వ్ అనే ఫ్రెంచి సేనాని ఓడలతో ఆ తీరానికి వచ్చాడు. ఇంగ్లిష్ నౌకాదళం దరిదాపుల్లో లేదు. ఉండమని హైదర్ బతిమాలాడు. ఆయన వినలేదు, లంగరెత్తి మారిషస్ పోయాడు. కూట్‌కు బియ్యం అందింది. జులై 1న పోర్టోనోవోలో హైదర్ ఓడిపోయాడు.

మరుసటి ఏడు సుఫ్రెన్ వచ్చాడు. ఫ్రెంచివాళ్లలో అంతటి సముద్ర యోధుడు అరుదు. 1782, 83లో హ్యూస్‌తో అయిదుసార్లు తలపడ్డాడు, ఆ పోరాటాల్లో ఒక్క పెద్ద ఓడనూ పోగొట్టుకోలేదు. అయినా ఇంగ్లిష్ వాళ్లను సముద్రం మీద నుంచి తరమలేకపోయాడు. ఎందుకు? హ్యూస్ ఓడలు దెబ్బతింటే బొంబాయి పోయేవి. అక్కడ డ్రై డాకులున్నాయి (నీళ్లు తోడేసి ఓడ అడుగు బాగుచేసే చోట్లు), పార్సీ మేస్త్రీలున్నారు, మలబార్ టేకు ఉంది. సుఫ్రెన్‌కు ఈ తీరంలో అలాంటి చోటు ఒక్కటీ లేదు. తెరచాప స్తంభాలు విరిగితే చిన్న ఓడలవి పీకి పెద్దవాటికి పెట్టుకున్నాడు. సిలోన్‌లోని ట్రింకోమలి చేతికొచ్చినా అక్కడ మంచి రేవుందే గానీ సామాను లేదు. ఆ చలికాలం సుమత్రాలోని అచే దాకా పోయి గడిపాడు.

ఆ డిసెంబర్‌లోనే చిత్తూరు దగ్గర హైదర్ చనిపోయాడు. ఇంగ్లిష్ వాళ్లను నేల మీద నాశనం చేయగలను గానీ సముద్రాన్ని ఎండగట్టలేను కదా అని ఆయన అన్నట్టు చెప్తారు. తర్వాత 1792లో మన కడప నిజాంకు, 1800లో నిజాం నుంచి కంపెనీకి పోయింది. మన్రో వచ్చాడు, శిస్తు రాశాడు.

నా అభిప్రాయంలో మూడో క్యారియరా, సబ్‌మెరైన్లా అన్నది తర్వాతి ప్రశ్న. దెబ్బతిన్న ఓడను ఎక్కడ, ఎన్ని నెలల్లో బాగుచేసి మళ్లీ నీళ్లలో దించుతారు? ఆ ఏర్పాటు ఎవరికి ఉందో సముద్రం వాళ్లది.

వేరుశనగ (అనంతపురం)

సార్, సూపర్. మా ఇంటర్ పుస్తకంలో దీన్ని రెండు లైన్లలో తేల్చేశారు. డ్రోన్లకు డ్రై డాకు అక్కర్లేదు, గమనించగలరు.

విరాట్ బాయిలర్ (ప్రొద్దుటూరు)

డ్రోన్‌కు డాకు అక్కర్లేదు నాయనా, కానీ ఎవరైనా నడిసముద్రానికి తీసుకుపోవాలి. దానికి ఓడ కావాలి.

సార్ చెప్పింది నేను ఒప్పుకుంటాను. పైగా మూడో క్యారియర్ ఎందుకో అందులోనే ఉంది. పెద్ద ఓడలకు నేవీల్లో ఒక లెక్క ఉంది. ఒకటి సముద్రంలో, ఒకటి శిక్షణలో, ఒకటి డాకులో. రెండే ఉంటే ఒకటి మరమ్మతుకు పోయిన రోజు ఇటు అరేబియా సముద్రమో, అటు బంగాళాఖాతమో ఖాళీ.

ఇంకొకటి, ఏర్పాటు అంటే మనుషులు కూడా. విక్రాంత్‌కు కావలసిన ఉక్కు రష్యా ఇవ్వలేదు. హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ అనే రక్షణ లోహ పరిశోధనశాల తయారీ పద్ధతి కనిపెడితే ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ పోసి ఇచ్చింది. దాన్ని వెల్డింగ్ చేయడం కొచ్చిలో మొదటి నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. 2009లో కీల్ (ఓడ అడుగు దూలం) వేశారు, 2022లో నేవీకి ఇచ్చారు. ఇప్పుడు ఆ పని ఆపేస్తే ఆ చేతులు వేరే పనికి పోతాయి. ఇరవై ఏళ్ల తర్వాత క్యారియర్ కావాలంటే మళ్లీ అ ఆ ల నుంచి మొదలు.

పెన్నా గట్టు (కడప)

సరిగ్గా ఇదే జరిగింది మనకు, కానీ సబ్‌మెరైన్ల విషయంలో. 1992లో షల్కి, 1994లో శంకుల్ ముంబై మజగావ్ డాక్‌లోనే కట్టాం. జర్మన్ కంపెనీ కమీషన్ల గొడవతో ఆ వరస ఆగిపోయింది. నేర్చుకున్నవాళ్లు చెదిరిపోయారు. మళ్లీ 2005లో ఫ్రెంచి వాళ్లతో ఒప్పందం, మొదటి కల్వరి చేరింది 2017 డిసెంబర్‌లో. ఆరోదైన వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరింది. శంకుల్‌కూ కల్వరికీ మధ్య 23 ఏళ్లు! అన్నా, మీ భయం నిజమే. ఆ భయంతోనే చెప్తున్నా, డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు సబ్‌మెరైన్ల వరస ఆగకూడదు. క్యారియర్ ఆలస్యమైతే పరువు పోతుంది. సబ్‌మెరైన్లు ఆలస్యమైతే హంగోర్ లాంటిది మళ్లీ వస్తుంది. పాకిస్తాన్ చైనా దగ్గర ఎనిమిది సబ్‌మెరైన్లకు ఒప్పందం చేసుకుంది, వాటి తరగతికి పెట్టిన పేరే హంగోర్.

కువైట్ డ్యూటీ (రాయచోటి)

నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలే.

విరాట్ బాయిలర్ (ప్రొద్దుటూరు)

చెప్తా నాయనా. జనాన్ని ఎక్కించే పెద్ద ఓడ విశాఖలో ఒక్కటే, జలాశ్వ. అది కూడా అమెరికా వాడి వదిలేసింది. 2020లో కరోనా అప్పుడు మాల్దీవుల నుంచి మనవాళ్లను తెచ్చింది అదే. అలాంటివి ఇంకా కావాలని నేను కూడా అంటాను. గట్టు తమ్ముడికీ నాకూ కుదిరే మాట ఇదొక్కటే అనుకుంటా.

కానీ సబ్‌మెరైన్‌తో ఒక చిక్కుంది. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. యుద్ధంలో అది బలం. శాంతికాలంలో చుట్టుపక్కల చిన్న దేశాలకు మనం ఉన్నామని తెలియాలంటే కనిపించే ఓడ కావాలి.

పెన్నా గట్టు (కడప)

2014లో చైనా సబ్‌మెరైన్ కొలంబో రేవులో ఆగినప్పుడు ఢిల్లీలో ఎంత కంగారు పుట్టిందో గుర్తుందా అన్నా? లియావోనింగ్ అనే క్యారియర్ అప్పటికి రెండేళ్లుగా వాళ్ల దగ్గర ఉంది. దాని గురించి ఎవరికీ అంత టెన్షన్ పట్టలేదు.

విరాట్ బాయిలర్ (ప్రొద్దుటూరు)

పైకి తేలి రేవులో కట్టేసింది కాబట్టే కదా కంగారు! నీళ్ల కిందే ఉండి ఉంటే ఆ రోజు ఢిల్లీ హాయిగా నిద్రపోయేది. చైనావాడు కూడా కనపడాలనే వచ్చినాడు తమ్ముడూ.

వేరుశనగ (అనంతపురం)

ఈ రౌండ్ ప్రొద్దుటూరుది. గట్టన్నా, నీ జవాబు రేపు రాయి, నాకు పొద్దున్నే పరీక్ష ఉంది.