పాత పికప్: ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ కూడా కొట్టుకుంటోంది

ప్రశ్న: మా పికప్‌కి ఇరవై ఏళ్లు దాటాయి. ఐడిల్‌లో (బండి ఆగి, ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) హెడ్‌లైట్లు బుడ్డిదీపాల్లా ఉంటున్నాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే ఆ పక్క హెడ్‌లైట్ కూడా దానితో పాటే కొట్టుకుంటోంది. బల్బులు మార్చాను, ఫ్యూజులు బాగానే ఉన్నాయి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్చేయనా?

జవాబు: ఆగండి, అంత ఖర్చు ఇప్పుడే వద్దు. రెండు లైట్లు కలిసి కొట్టుకుంటున్నాయంటే నా అనుమానం ఎర్త్ మీదే, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి మీదే. హెడ్‌లైట్లు వేసి ఉంచి, మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల్లో పెట్టండి. ఒక ప్రోబ్ బల్బు ఎర్త్ పిన్నుకి, రెండోది బ్యాటరీ మైనస్‌కి ఆనించండి. అర వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేనట్టే. నా బండిలో 1.8 చూపించింది. తీరా చూస్తే గ్రిల్ వెనక బోల్టు కింద పచ్చగా చిలుం! ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించాను. అంతే.

ఇంకో జవాబు: ఇంజిన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చుట్టూ ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. ఐడిల్‌లో పడిపోతుంటే ముందు దాన్ని తిప్పే బెల్టు వదులైందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు: ఎర్త్ వైరు ముట్టుకోగానే చేతిలోకి ఊడొచ్చిందండీ! కొత్త లగ్గు (వైరు చివర బోల్టుకి పట్టే రింగు) వేశాను, ఇండికేటర్ గోల పోయింది. ఐడిల్‌లో ఇంకా కాస్త మసకే. రేపు బెల్టు సంగతి చూస్తాను.