అప్‌డేట్: మార్పిడి చేసిన చేతికి స్పర్శ ఇంకా రాలేదన్న ప్రశ్న

ముంజేతి మధ్యలో కొత్త చెయ్యి అతికించి నాలుగు నెలలైనా వేళ్ల కొసలకు స్పర్శ లేదు, ఆపరేషన్ విఫలమైనట్టేనా అని అడిగాను. వచ్చిన జవాబు: కాదు, ఇంకా సమయం కాలేదంతే. నరం సుమారుగా రోజుకు 1 మిల్లీమీటరు పెరుగుతుంది, అదీ మొదటి కొన్ని వారాలు ఆగాక. అతుకు నుంచి వేలికొసకు 30 సెంటీమీటర్లుంటే కనీసం 10 నెలలు పడుతుంది. నరం దారి వెంట వేలితో మెల్లగా తడితే ఒకచోట జివ్వుమంటుంది. ఆ చోటు అతుకుకు ఎంత దూరంలో ఉందో నెలకోసారి టేపుతో కొలవాలి. అది ముందుకు జరుగుతుంటే నరం పెరుగుతున్నట్టే. రెండు మూడు నెలలు కదలకపోతే సర్జన్‌కు చూపించాలి. స్పర్శ వచ్చేదాకా వేడి గ్లాసు, బండి సైలెన్సర్ దగ్గర చాలా జాగ్రత్త. కాలినా తెలియదు.

నేను అడగకపోయినా ఆ జవాబులో చెప్పిన మందుల సంగతే అసలు ముఖ్యం. శరీరం కొత్త చేతిని తిరస్కరించకుండా ఆపే మందు టాక్రోలిమస్ సరిగ్గా 12 గంటలకోసారి వేసుకోవాలి. రక్తపరీక్ష రోజు ఉదయం డోసు రక్తం ఇచ్చాకే. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస తినకూడదు. ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ రక్తంలో ఈ మందు స్థాయిని పెంచుతుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ బాగా తగ్గించేస్తుంది. విరేచనాలైనా ఆ స్థాయి మారుతుంది, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

తిరస్కరణ ముందు చర్మం మీదే కనిపిస్తుంది: ఎర్ర మచ్చలు, వాపు. నొప్పి ఉండకపోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్తే చాలాసార్లు స్టెరాయిడ్‌తో అదుపులోకి వస్తుంది. 1998లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చెయ్యి అమర్చుకున్న వ్యక్తి మందులు మానేయడంతో 2001లో దాన్ని తీసేయాల్సి వచ్చింది.