సిరియస్ పక్కన దాగిన సహచర నక్షత్రం చిక్కడం లేదు

విజయవాడలో మా డాబా మీద నుంచి సిరియస్ బీ (సిరియస్ పక్కనే ఉండే మసక సహచర నక్షత్రం) కోసం మూడు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. టెలిస్కోపు 8 అంగుళాల డాబ్సోనియన్ (సాదా పీఠం మీద తిరిగే అద్దపు టెలిస్కోపు), నాభ్యంతరం 1200 మి.మీ.; 6 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం) 200 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది.

జనవరి చివర్లో రాత్రి 10 గంటలకు సిరియస్ దక్షిణాన దాదాపు 57 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. టెలిస్కోపును గంటన్నర ముందే బయట పెట్టి, కొలిమేషన్ (అద్దాల అమరిక) సరిచూశాను. రైజెల్ అనే మరో నక్షత్రపు సహచరి 9.5 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) దూరంలో సూదిమొనంత చుక్కగా స్పష్టంగా కనిపించింది, కాబట్టి అద్దం మీద అనుమానం లేదు. సిరియస్ బీ అంతకంటే ఎడంగా, సుమారు 11 ఆర్క్ సెకన్లలో ఉంది. కానీ పక్కనున్న సిరియస్ దానికంటే దాదాపు పది వేల రెట్లు కాంతిమంతం మరి!

సిరియస్‌ను ఐపీస్‌లో కనిపించే వలయపు పడమటి అంచు దాటనిచ్చి చూస్తే, మిగిలింది మరిగే నీళ్లలా కదిలే నీలి వెలుగే. డాబా కాంక్రీటు పగటి వేడిని ఇంకా వదులుతూనే ఉంటుంది. పదకొండు దాటితే ఐపీస్ మీద మంచు. అట్టతో షట్కోణపు మాస్కు చేసి టెలిస్కోపు ముందు పెట్టినా కిరణాల ఆకారం మారిందే తప్ప చుక్క జాడ లేదు.

ఇక ఐపీస్ లోపల నాభి తలం వద్ద అల్యూమినియం రేకు అంటించి, దాని అంచు వెనుక సిరియస్‌ను దాచాలనుకుంటున్నాను. అక్కడ 11 ఆర్క్ సెకన్లంటే 0.064 మి.మీ. మాత్రమే, వెంట్రుకంత. 8 అంగుళాల టెలిస్కోపుతో ఇలా సిరియస్ బీని చూసినవారు బార్లో (ఐపీస్ ముందు అమర్చి పరిమాణం పెంచే కటకం) వాడి ఎన్ని రెట్లకు పెంచారు?