పెన్నుతో రాసే పాత టాబ్లెట్‌కి ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ ఎక్స్230 టాబ్లెట్ తీసుకున్నాను. స్క్రీన్ తిప్పి మడిస్తే పలకలా అయిపోయే రకం, వాకమ్ కంపెనీ పెన్ను కూడా ఉంది. దీనిలో విండోస్ 10 ఉంది కానీ మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది కదా, ఇక విండోస్ 11 అంటే ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది, నాది 3వ తరం. ఏవో కిటుకులతో ఎక్కించొచ్చు అంటారు గానీ రేపు అప్‌డేట్ రాకపోతే ఆ టెన్షన్ నాకొద్దు.

అందుకే లైనక్స్ అనే ఉచిత ఓఎస్ వైపు చూస్తున్నాను. సాయంత్రాలు మారతహళ్ళిలో మనవాళ్ళ పిల్లలకు లెక్కలు చెబుతాను, పీడీఎఫ్ మీద ఎర్ర గీతలు గీసి దిద్దడమే అసలు పని, దానికి జర్నల్ ప్లస్ ప్లస్ (Xournal++) అనే నోట్స్ యాప్ చాలు. బొమ్మలు వేసే సరదా ఉంది, క్రిటా అనే డ్రాయింగ్ యాప్ ఉంటే చాలు. వాకమ్ డ్రైవర్ లైనక్స్ కెర్నల్‌లోనే (ఓఎస్ గుండెకాయలోనే) ఉంటుంది కాబట్టి పెన్ను పనిచేస్తుందనే ధైర్యం ఉంది.

నా అనుమానమల్లా స్క్రీన్ నిలువుగా తిప్పినప్పుడే. లైనక్స్‌లో తెరను నడిపే పాత వ్యవస్థ ఎక్స్11లో పెన్ను దిశ కూడా విడిగా తిప్పాలట, లేకపోతే రాసేది ఒకచోట, గీత పడేది ఇంకోచోట. దాని బదులు వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్‌తో నడిచే ఫెడోరా (లైనక్స్‌లో ఒక రకం) గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఈ గోల ఉండదా? లేక తేలిగ్గా ఉంటుందని మింట్ అనే ఇంకో లైనక్స్ రకాన్ని ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వేసుకుని, పెన్ను దిశ తిప్పే ఒక స్క్రిప్ట్ రాసుకోవడమే నయమా? ర్యామ్ 4 జీబీయే. తెలుగు చేతిరాతను అక్షరాలుగా మార్చేది లైనక్స్‌లో ఏదైనా వాడుతున్నవాళ్ళుంటే అదీ చెప్పండి. "కొత్త ఐప్యాడ్ కొనుక్కో" అనే సలహా మాత్రం వద్దండీ, ఇంట్లో ఇప్పటికే చెప్పేశారు.