కౌంటీ మొత్తానికి నాలుగే ఇళ్లు: అద్దె సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలి?

డాక్టరమ్మ మొగుడు:
మా ఆవిడ డాక్టరు. జే-1 వెయివర్ (శిక్షణ వీసా అయ్యాక స్వదేశం వెళ్లిపోకుండా, డాక్టర్లు తక్కువున్న చోట పనిచేసే మినహాయింపు) మీద పడమటి కాన్సస్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. మూడేళ్లు కదలడానికి లేదు. జులైలో చేరాలి. పాపకి ఆరో నెల. మేమిప్పుడు డాలస్‌లో ఉన్నాం, ఇక్కడ ఒక్క వీధిలోనే నలభై ఇళ్లు పోల్చి చూసుకోవచ్చు. అక్కడ జిల్లోలో (ఇళ్ల ప్రకటనల సైటు) వెతికితే కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తానికి నాలుగు. రెండు బెడ్‌రూముల ట్రైలర్ (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే ఇల్లు) నెలకి 650 డాలర్లు, ఊళ్లో మూడు బెడ్‌రూముల ఇల్లు 1,600, ఊరికి ఏడు మైళ్ల అవతల పాత ఫామ్‌హౌస్ 950. నాలుగోది ఫోటోలే లేవు. ఫామ్‌హౌస్ చవకనిపిస్తోంది. అడ్వాన్స్ పంపేయమంటారా?

నెబ్రాస్కాలో నాలుగేళ్లు:
ఆగండి, పంపకండి! నేనూ డాక్టర్నే, ఇదే వెయివర్ మీద వెళ్లాను. అక్కడ ఇళ్లు జిల్లోలోకి రావండీ, నోటి మాట మీదే పోతాయి. మాకు ఇల్లు చూపించింది ఆస్పత్రి హెచ్‌ఆర్‌లో పనిచేసే ఆవిడ, ఆ ఇల్లు వాళ్ల పెద్దమ్మది. ముందు హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయండి, తర్వాత ఆ ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో ఒక ముక్క రాయండి.

ధరకి ఒక కొలబద్ద ఉంది. హడ్ (అమెరికా ప్రభుత్వ గృహ శాఖ) వాళ్లు ప్రతి కౌంటీకీ ఏటా ఫెయిర్ మార్కెట్ రెంట్ ప్రకటిస్తారు, అక్టోబరు 1 నుంచి అమలు. బెడ్‌రూముల వారీగా ఉంటుంది. వంద ఇళ్లని అద్దె ప్రకారం వరుసగా పెడితే కింద నుంచి నలభయ్యో ఇంటి దగ్గర పడే అంకె అనుకోండి. అందులో కరెంటు, గ్యాసు, నీళ్లు కలిసే ఉంటాయి. చాలామంది ఇది చూసుకోక ఒట్టి అద్దెతో పోల్చేస్తారు. మరీ తక్కువ రాకుండా రాష్ట్రంలోని పల్లె కౌంటీలన్నిటికీ ఒక కింది హద్దు కూడా పెడతారు, అందుకే పక్క కౌంటీకీ అదే అంకె కనిపించొచ్చు.

ఇక ఆ 950. ఊరి బయట ఇల్లంటే ఇల్లు వేడి చేయడానికి ప్రొపేన్ గ్యాస్ ట్యాంకు, మురుగుకి సొంత సెప్టిక్ ట్యాంకు, నీళ్లకి బోరు. 500 గ్యాలన్ల గ్యాస్ ట్యాంకు నింపితే పట్టేది 400, ఎనభై శాతం మించి నింపరు. ట్యాంకు ఓనర్‌దా, గ్యాస్ కంపెనీదా అడగండి. కంపెనీదైతే మామూలుగా వాళ్ల దగ్గరే కొనాలి, బేరానికి తావుండదు. పోయిన చలికాలం బిల్లులు చూపించమనండి. మొదటి జనవరిలో మా బిల్లు చూసి మా ఆయన రెండు రోజులు స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని తిరిగారు. కరెంటు పోతే బోరు మోటరూ ఆగుతుంది, నీళ్లూ ఉండవు.

అన్నిటికన్నా ముఖ్యం, పాప ఉంది కదా. చుట్టూ పొలాలైతే బోరు నీళ్లలో నైట్రేట్ (ఎరువుల నుంచి దిగేది, పసిపిల్లలకి ప్రమాదం) ఎంతుందో పరీక్ష చేయించాలి. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) హద్దు నైట్రోజన్ లెక్కన లీటరుకి 10 మిల్లీగ్రాములు, కానీ అది ఊరి కుళాయి నీళ్లకే. సొంత బోర్లకి ఆ రూలు వర్తించదు, ఎవరూ వచ్చి చూడరు. నీళ్లు మరగబెడితే నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

ఓనర్ వైపు మనిషి:
మాకు ఇలాంటి కౌంటీలోనే రెండు ఇళ్లున్నాయి. ఆ 1,600 ఫర్నిచర్‌తోనా అడగండి. గాలిమరలు పెట్టే పనివాళ్లూ, ట్రావెల్ నర్సులూ (ఊరూరా తిరిగి కొన్నాళ్లే పనిచేసేవాళ్లు) మూడు నెలలకి దిగుతారు, వాళ్లకి చెప్పే రేటు అది. మూడేళ్లు ఉంటామని గట్టిగా చెబితే నేనైతే తగ్గిస్తాను. ఖాళీ పడితే మళ్లీ మనిషి దొరకడం మాకూ కష్టమే బ్రదర్. అన్నట్టు, కౌంటీ అసెసర్ (పన్ను కోసం ఆస్తి విలువ కట్టే ఆఫీసు, కాన్సస్‌లో అప్రైజర్ అంటారు) సైట్లో చాలాచోట్ల ఓనర్ పేరు, ఇల్లు కట్టిన ఏడాది దొరుకుతాయి. ప్రకటన ఇచ్చినవాడి పేరు దానితో కలవకపోతే పైసా పంపొద్దు.

డాక్టరమ్మ మొగుడు:
అక్కా, ఫామ్‌హౌస్ బోరు నీళ్లు ల్యాబుకి పంపిస్తే నైట్రేట్ 13 వచ్చింది. ఓనర్ తాతగారు పాపం మంచివాడే, "మేం అరవయ్యేళ్లుగా ఇవే తాగుతున్నాం" అన్నాడు. వద్దని చెప్పేశాం. హెచ్‌ఆర్ ద్వారా ఊళ్లోనే ఒకటి తగిలింది, ఎక్కడా ప్రకటన లేదు. 875, నీళ్లు ఊరివే. కట్టింది 1956లో. 1978కి ముందు ఇళ్లకి సీసం పెయింట్ గురించి తెలిసింది రాసివ్వాలట, ఆ కాగితం అడిగాను. కిటికీ గట్టు మీద రంగు పెచ్చులుగా లేచి ఉంది, వీడియో కాల్‌లో చూశాను. పాప పాకడం మొదలెట్టేలోపు అది తేల్చుకోవాలి. ఎవరైనా టెస్ట్ చేయించారా?