అహరోను మోషేకు ఎంతవరకు "నోరు"గా ఉన్నాడు?

పెద్దలకు నమస్కారం. ఆదివారపు బైబిలు తరగతి కోసం నిర్గమకాండము చదువుతుండగా ఎదురైన ఒక చిక్కును విప్పడంలో మీ సహాయం కోరుతున్నాను. నాలుగో అధ్యాయంలో తనది నోటి మాంద్యం, నాలుక మాంద్యం అని మోషే వెనుకాడినప్పుడు, అన్న అహరోను అతనికి నోరుగా ఉంటాడని దేవుడు మాట ఇస్తాడు. ఏడో అధ్యాయం మొదటి వచనంలో అదే అహరోనును మోషేకు "ప్రవక్త" అంటాడు. అక్కడి హీబ్రూ మాట "నావీ"ని ఓంకెలోసు తర్గూము (హీబ్రూ ధర్మశాస్త్రానికి ప్రాచీన అరామిక్ అనువాదం) "దుబాసీ" అనే అర్థంలో అనువదించిందని తెలిశాక, ప్రవక్త అంటే జరగబోయేది చెప్పేవాడన్న నా పాత అవగాహన పూర్తిగా కదిలిపోయింది.

అయితే 11వ అధ్యాయానికి వచ్చేసరికి తొలిచూలు పిల్లల మరణాన్ని ఐగుప్తు రాజు ఫరో ముఖం మీదే చెప్పి, మండిపడుతూ బయటికి నడిచినవాడు మోషేయే. మరి అహరోను బాధ్యత ఎక్కడ ముగిసింది? యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయంలో లేఖకుడు బారూకు, యిర్మీయా ప్రవక్త నోట విన్నదాన్నే సిరాతో రాసి, దేవాలయంలో చదివి వినిపించాడు. అహరోను కూడా విన్నది విన్నట్టే పలికాడా, లేక ఫరో సభకు తగినట్టు తన మాటల్లో చెప్పాడా? నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే. యూదు వ్యాఖ్యాతలు దీన్ని ఎలా వివరించారో తెలిసినవారు దయచేసి వచనాలతో సహా తెలియజేయగలరు.