కలం కదలట్లేదు, మట్టి పట్టుకున్నాను. సలహా ఇవ్వండి

నమస్కారమండీ. 12 ఏళ్లుగా శ్రీకాళహస్తి పద్ధతిలో కలంకారీ వేస్తున్నాను. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ ముందు కూర్చున్నా, ఈమధ్య వెదురు కలం కదలట్లేదు. ఆర్డర్ల కోసం అవే నెమళ్లు, అవే అంచులు గీసి గీసి మనసు మొద్దుబారింది.

మూడు వారాలు పని ఆపేశాను. నిద్ర పట్టింది గానీ, గీయాలనే ఆశ తిరిగి రాలేదు. మొన్న చెరువు మట్టి తెచ్చి చేత్తోనే చిన్న గిన్నె చేశాను. అంచు వంకరపోయింది, మర్నాడు ఎండకు పగిలింది. అయినా ఆ రెండు గంటలు టైమే తెలీలేదు.

ఇలా అలసిపోయి కోలుకున్నవాళ్లున్నారా? ఎన్నాళ్లు ఆగారు? పాత పనిని పూర్తిగా పక్కన పెట్టారా, రోజూ కాసేపైనా పట్టుకున్నారా? ఒప్పుకున్న చీర ఒకటి మిగిలిపోయింది, ఆ టెన్షన్ వేరే. గిన్నెను నీడలో ఆరబెడితే పగలకుండా ఉంటుందా, అదీ చెప్పండి.